రెయిన్‌బో అనే జపాన్ యానిమే (బొమ్మల సిరీస్) ఐదో ఎపిసోడ్ దగ్గర ఆపేశా. నిజంగానే అంత ఘోరంగా ఉండేదా, లేక ఏడిపించడానికి తీశారా?

రాత్రి_రెండింటికి
మా టీమ్‌లో ఒకడు నెల రోజులుగా బుర్ర తింటుంటే నిన్న రాత్రి మొదలుపెట్టా. యానిమే అంటే జుట్టు నిలబెట్టి అరుచుకుంటూ కొట్టుకోవడమే అనుకునే బ్యాచ్ నాది. ఇదేమో 1955 వేసవి, జపాన్, ఆరుగురు కుర్రాళ్ళకి బేడీలు వేసి బాల నేరస్తుల స్కూల్‌కి తీసుకొస్తారు. పేరుకి స్కూల్. మొదటి ఎపిసోడ్‌లోనే బట్టలన్నీ విప్పించి డాక్టర్ తనిఖీ. అప్పుడే పళ్ళెం పక్కన పెట్టేశా, పెరుగన్నం అలాగే ఉండిపోయింది.

గార్డు ఇషిహారా కొడతాడు. డాక్టర్ ససాకి చేసేది ఇక్కడ రాయలేను. ఐదు ఎపిసోడ్లలో ఒక్క పెద్దమనిషి కూడా, ఆ నర్సు తప్ప, మనిషిలా ప్రవర్తించడు. నా డౌట్ ఒక్కటే. యుద్ధం అయ్యాక జపాన్‌లో నిజంగా ఇలాగే ఉండేదా? లేక మన సినిమాల్లో విలన్ పసిపిల్లాడిని కూడా తన్నినట్టు, కావాలని పెంచి చూపించారా? ముందుకి వెళ్ళాలా వద్దా చెప్పండి. ఆదివారం ఒక్కటే సెలవు నాకు.

సబ్‌టైటిల్_శీను
వెళ్ళు. కానీ అన్నం తిన్నాక చూడు, తింటూ కాదు.

పప్పుచారు
పెరుగన్నంతో చూసే సిరీస్ కాదు బాబూ అది. నేను బిర్యానీతో మొదలుపెట్టి రెండ్రోజులు మాంసం ముట్టలేదు.

కడప_కుర్రోడు
నా ఓటు "పెంచి చూపించారు"కే. ఆ డాక్టర్‌ని చూడండి, ముఖం మీదే రాసుంటుంది నేను విలన్ అని. గార్డు పళ్ళు, కళ్ళు, నీడలు, అన్నీ రాక్షసుడి లెక్క గీశారు. పైగా ఒకావిడ వెనక నుంచి ప్రతి సీన్‌కి వ్యాఖ్యానం. మనం ఏడుస్తున్నామో లేదో అని చెక్ చేసుకుంటున్నట్టు ఉంటుంది. దుఃఖం చూపించు, వివరించకు. 9 ఎపిసోడ్ల దగ్గర వదిలేశా.

మౌనిక_ఆర్
ఆ "ఒకావిడ" హయాషిబారా మెగుమి. జపాన్‌లో చాలా పేరున్న గొంతు. నాకు మాత్రం ఆ గొంతు వల్లే చూడగలిగా అనిపిస్తుంది. తెర మీద అంతా మగపిల్లలు, దెబ్బలు, చెమట. పక్కన కూర్చుని అమ్మమ్మ పాత సంగతి చెప్తున్నట్టు ఆ గొంతు. అది తీసేస్తే మిగిలేది కొట్టుడే.

కడప_కుర్రోడు
అమ్మమ్మ కథ చెప్తే మధ్యలో నిద్రన్నా పట్టేది. ఇక్కడ అదీ లేదు.

పాత_లైబ్రరీ
ప్రశ్న అడిగినాయన అసలు సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

దీనికి మూలం మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. రాసింది అబే జోజి, బొమ్మలు కకిజాకి మసాసుమి. 2002లో మొదలై 2010 దాకా నడిచింది, మొత్తం 22 సంపుటాలు. 2005లో షోగాకుకాన్ అవార్డు కూడా వచ్చింది. ఈ అబే జోజి మామూలు రచయిత కాదు. 1937లో టోక్యోలో పుట్టాడు, కలిగిన ఇల్లే. చిన్న వయసులోనే యకూజాలో (జపాన్ మాఫియా) చేరాడు. మధ్యలో కొన్నాళ్ళు జపాన్ ఎయిర్‌లైన్స్‌లో స్టీవార్డుగా పనిచేశాడు (నవ్వకండి, నిజం). టోక్యో దగ్గరి ఫుచూ జైల్లో శిక్ష అనుభవించాడు. బయటికొచ్చి ఆ జైలు మనుషుల మీద రాసిన పుస్తకం 1986లో విరగబడి అమ్ముడుపోయింది. 2019లో చనిపోయాడు.

అంటే ఏసీ గదిలో కూర్చుని "జైలు ఎలా ఉంటుందో ఊహించి రాద్దాం" అనుకున్న మనిషి కాదు. ఆ డాక్టర్, ఆ గార్డు అచ్చంగా అలాగే ఉన్నారని నేననను. కథ కథే. కానీ ఆ గది, ఆ తిండి, ఆ పలకరింపులు తెలిసినవాడి చేతి రాత అని అర్థమవుతుంది.

రాత్రి_రెండింటికి
యకూజా నుంచి విమానంలో కాఫీ ఇచ్చే ఉద్యోగమా? ఆయన కథే సిరీస్ తీయొచ్చు కదా.

నైట్‌షిఫ్ట్_రాజు
"సార్, కాఫీనా టీనా?" "...కాఫీ." "టీ తీస్కో."

పప్పుచారు
😂😂 రాజుకి వేరే పనేం లేదు

టోక్యో_తెలుగోడు
ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా కాబట్టి నాకు తెలిసింది చెప్తా. ఇంట్లో మసాలా దినుసులు అయిపోతే నేను వెళ్ళేది టోక్యోలోని ఉఎనో. అక్కడ అమెయోకో అని రైలు పట్టాల పక్కనే పొడుగాటి బజారు. ఎండు చేపలు, బూట్లు, బాదం పప్పు, బ్యాగులు, "రండి రండి, వెయ్యి యెన్లకే" అని గొంతు చించుకునే కుర్రాళ్ళు. అందులో ఒక బిల్డింగ్ సెల్లార్‌లోకి దిగితే మసాలా వాసన ఒక్కసారిగా కొడుతుంది, కోఠీకి వచ్చినట్టే ఉంటుంది.

ఆ బజారు పుట్టింది యుద్ధం అయిపోయాక దొంగ బజారుగా. 1945 మార్చి 10 తెల్లవారుజామున అమెరికా విమానాలు వేసిన నిప్పు బాంబులకి టోక్యోలో ఒక్క రాత్రిలో దాదాపు లక్షమంది చనిపోయారు. అమ్మానాన్నలు పోయిన పిల్లలు ఎక్కడికి పోతారు? వానకి తడవని చోటికి. ఉఎనో స్టేషన్ కింద నడిచే సొరంగ దారి ఉంది. అక్కడ వందల మంది పడుకునేవాళ్ళు. పగలు బూట్లు తుడవడం, సిగరెట్ పీకలు ఏరి మళ్ళీ చుట్టి అమ్మడం, జేబులు కొట్టడం. పోలీసులు వచ్చి ఎత్తుకెళ్ళేవాళ్ళు. దాన్ని "కరికొమి" అంటారు, వేటలో జంతువుల్ని చుట్టుముట్టి పట్టేదానికి కూడా అదే మాటట. 1948 ఫిబ్రవరిలో ప్రభుత్వం లెక్క తీస్తే దేశంలో 1,23,511 మంది అనాథ పిల్లలు.

రెయిన్‌బోలో వాళ్ళకి 1955లో పదహారు పదిహేడేళ్ళు. అంటే యుద్ధం ముగిసేసరికి ఆరేడేళ్ళు. లెక్క మీరే వేసుకోండి.

కడప_కుర్రోడు
ఈ లెక్క ఎవరూ చెప్పలేదు నాకు. 1955 అంటే అంతా సర్దుకుపోయింది కదా అనుకున్నా.

పాత_లైబ్రరీ
@కడప_కుర్రోడు అందరూ అలాగే అనుకున్నారు. మరుసటి ఏడాది, 1956లో, ప్రభుత్వ ఆర్థిక నివేదికలోనే "ఇక ఇది యుద్ధానంతర కాలం కాదు" అని రాసుకున్నారు. కొరియా యుద్ధం పుణ్యమా అని ఫ్యాక్టరీలకి ఆర్డర్లు వచ్చాయి, చేతిలో డబ్బు ఆడింది. దేశం "మాకు బాగైపోయింది" అనుకుంటున్న సరిగ్గా ఆ ఏడాది ముందు కథ పెట్టడం ఊరికే కాదు. పుండు మానిందని అందరూ అంటున్నప్పుడు ఇంకా చీము కారుతున్నవాళ్ళ కథ ఇది.

తిండి గురించి ఒక సంగతి చెప్పి ఆపేస్తా. యమగుచి యోషితాదా అని టోక్యో జిల్లా కోర్టు జడ్జి. దొంగ బజారులో బియ్యం కొన్నవాళ్ళ కేసులు ఆయన ముందుకి వచ్చేవి. నేనే వాళ్ళకి శిక్ష వేస్తూ అదే బియ్యం నేనెలా తినను అని, రేషన్‌లో వచ్చింది తప్ప తిననన్నాడు. ఆ వచ్చేదాంట్లోనూ ఎక్కువ పిల్లలకి పెట్టేవాడు. 1947 అక్టోబర్‌లో తిండి చాలక చనిపోయాడు. జడ్జి! ముప్ఫై మూడో, ముప్ఫై నాలుగో ఏళ్ళవాడు.

మౌనిక_ఆర్
జడ్జికే ఆ గతి అంటే సొరంగంలో పడుకున్న పిల్లల సంగతి ఏంటి మరి. రాత్రి నిద్ర పట్టేలా లేదు.

నైట్‌షిఫ్ట్_రాజు
మా ఆఫీస్ క్యాంటీన్ గురించి ఇక ఏమీ అనను. ఈ వారం వరకు.

లాయర్_గారు
చిన్న సవరణ. అందరూ "జైలు" అంటున్నారు. కథలో ఉన్నది జైలు కాదు, "షోనెన్-ఇన్", అంటే బాల నేరస్తుల్ని బాగుచేసే స్కూల్. 1948లో జపాన్ కొత్త బాలల చట్టం చేసింది, 1949 జనవరి 1 నుంచి అమలు. ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళ కేసులు ఫ్యామిలీ కోర్టుకి వెళ్తాయి. అక్కడ వేసేది శిక్ష కాదు, "రక్షణ చర్య". కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంటుంది: పిల్లాడిని శిక్షించకూడదు, బాగుచెయ్యాలి. నేరం ముదిరినవాళ్ళ కోసం "ప్రత్యేక" షోనెన్-ఇన్‌లు ఉండేవి. కథలోది ఆ రకం.

తిరకాసు ఎక్కడుందంటే, శిక్ష అయితే ఇన్నేళ్ళు అని ఒక లెక్క ఉంటుంది. రోజులు లెక్కపెట్టుకోవచ్చు. "బాగుచేయడం" అయితే బాగుపడ్డావో లేదో చెప్పేది ఎవరు? లోపలున్న అధికారి. ఆ ఆరుగురి గదిలో ముందునుంచీ ఉన్న ఏడోవాడు రోకురోతాని బయటికి పంపకుండా ఆపడానికి వాళ్ళు ఆడే ఆట అంతా ఆ సందులోనే. వాళ్ళ తప్పులు అతనికి తెలుసు కాబట్టి వాడు బయటికి వెళ్ళకూడదు. వాళ్ళ చేతిలో కలం ఉంది.

రాత్రి_రెండింటికి
లాయర్ గారూ, ఈ ఒక్క పోస్టుతో నాలుగో ఎపిసోడ్ ఇప్పుడు అర్థమైంది. మన దగ్గర ఎలా ఉంటుంది?

లాయర్_గారు
మన దగ్గర పద్దెనిమిదేళ్ళ లోపు. 2015 చట్టం వచ్చాక, కనీసం ఏడేళ్ళ శిక్ష పడే ఘోర నేరం చేసిన 16 నుంచి 18 ఏళ్ళ వాళ్ళని పెద్దవాళ్ళలా విచారించవచ్చా లేదా అని జువైనల్ జస్టిస్ బోర్డు ముందు తేలుస్తుంది. మిగతా పిల్లలు అబ్జర్వేషన్ హోమ్, స్పెషల్ హోమ్. నేను పనిమీద అలాంటి ఒక హోమ్‌కి వెళ్ళా. ఎక్కడో చెప్పను. గోడ మీద "నేటి బాలలే రేపటి పౌరులు" అని రాసుంది. దాని కింద ఒక పిల్లాడు గోడకి ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. ఎందుకని అడిగితే "సార్ నిలబడమన్నారు" అన్నాడు. ఎప్పటినుంచి అంటే తెలీదన్నాడు.

కడప_కుర్రోడు
సరే, తిండి, అనాథలు, చట్టం, ఒప్పుకున్నా. కానీ నా అసలు పాయింట్ అలాగే ఉంది. గార్డులు అంత రాక్షసులా? ఒకడో ఇద్దరో ఉంటారు. ఇందులో మంచివాడు దుర్బీన్ వేసి వెతికినా దొరకడు.

టోక్యో_తెలుగోడు
2009లో హిరోషిమా షోనెన్-ఇన్‌లో అధికారులు పిల్లల్ని కొట్టి హింసించిన సంగతి బయటపడింది. 1955 కాదు, 2009. కేసులు పడ్డాయి, శిక్షలు పడ్డాయి. ఆ దెబ్బకే కమిటీ వేసి 2014లో షోనెన్-ఇన్ చట్టం మొత్తం తిరగరాశారు.

పెద్దల జైళ్ళ సంగతీ అంతే. నగోయా జైల్లో 2001 చివర ఒక ఖైదీ మీద ఫైర్ గొట్టంలాంటి పెద్ద ఒత్తిడితో నీళ్ళు కొట్టారు, చనిపోయాడు. ఆ తర్వాతి ఏడాది నడుముకి తోలు బెల్టు బిగించి కట్టేసిన కేసులో ఇంకొకరు. అప్పటిదాకా జపాన్ జైళ్ళు నడిచింది 1908 నాటి చట్టం మీద! ఆ గొడవ తర్వాతే మార్చారు.

కాబట్టి ఇషిహారా ముఖం కార్టూన్‌లా ఉండొచ్చు బ్రో, కానీ వాడి చేతిలో కర్ర మాత్రం కార్టూన్ కాదు.

కడప_కుర్రోడు
ఈ నగోయా సంగతి వెతికి చూశా. నా మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నా. ముఖాల గురించి అన్న సగం తీసుకోను.

పప్పుచారు
ఈ ఫోరంలో ఒకడు మాట వెనక్కి తీసుకోవడం ఇదే మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటున్నా.

సబ్‌టైటిల్_శీను
సరదాకి కొన్ని మాటల సంగతి, బరువు ఎక్కువైంది కాబట్టి.

రోకురోతాని మిగతా ఆరుగురూ "అన్-చాన్" అంటారు. అంటే అన్న. జపనీస్ మాటే గానీ చెవికి మనదిలాగే పడుతుంది. నేను సబ్‌టైటిల్ చేసినప్పుడు ఏమీ ఆలోచించకుండా "అన్నా" అని కొట్టేశా. హాయిగా కుదిరింది.

మిగతావాళ్ళ ముద్దుపేర్లు చూడండి. సుప్పొన్ అంటే ఒక రకం తాబేలు. కరిచిందంటే ఉరుము ఉరిమేదాకా వదలదని వాళ్ళ సామెత. మనకి ఉడుంపట్టు ఉంది కదా, అదే. హెయ్‌తాయ్ అంటే సిపాయి. క్యాబెత్సు అంటే క్యాబేజీ, దాన్ని ఏం చెయ్యాలో తెలీక అలాగే వదిలేశా.

జైలు తిండిని జపనీస్‌లో "కుసాయ్ మెషి" అంటారు, కంపు కొట్టే అన్నం. బార్లీ కలిపి వండుతారు కాబట్టి ఆ వాసన. "కుసాయ్ మెషి తిన్నాడు" అంటే జైలుకెళ్ళొచ్చాడని. మనం "చిప్పకూడు తిన్నాడు" అంటాం కదా! ఎక్కడి జపాన్, ఎక్కడి రాజమండ్రి. రెండు చోట్లా జైలు పేరెత్తగానే ముందు గుర్తొచ్చింది గోడలు కాదు, కూడు.

గోదారి_గట్టు
రాజమండ్రి ఎందుకు లాగావ్ మధ్యలో. మా ఊరంటే జైలేనా? పూతరేకులు లేవా, గోదారి లేదా?

నైట్‌షిఫ్ట్_రాజు
పూతరేకులు ఆత్రేయపురానివి.

గోదారి_గట్టు
నువ్వు నోర్మూసుకో రాజూ.

పాత_లైబ్రరీ
శీను గారూ, "షబా" వదిలేశారు. జపాన్‌లో ఖైదీలు, యకూజాలు బయటి లోకాన్ని షబా అంటారు. "షబాకి వెళ్ళాక సాకే తాగుతా" లాంటి మాటల్లో వస్తుంది. అది బౌద్ధం మోసుకెళ్ళిన సంస్కృతం మాట, "సహా". సహ్ ధాతువు. సహనం, సహించడం మనకి అక్కడినుంచే. బౌద్ధుల లెక్కలో మనం బతుకుతున్న ఈ లోకానికి పేరు సహా, అంటే ఓర్చుకోవాల్సిన చోటు. గోడల లోపల ఉన్నవాడు గోడల బయట ఉన్నదాన్ని ఆ పేరుతో పిలవడం నాకు భలే విచిత్రంగా ఉంటుంది.

మౌనిక_ఆర్
అదే సిరీస్ రెండో సగం అసలు! బయటికొచ్చాక వాళ్ళకి పనివ్వరు, నమ్మరు, జేబులో డబ్బుండదు. అన్-చాన్ పోయిన తర్వాత ఒక్కొక్కరూ

రాత్రి_రెండింటికి
ఆగండి ఆగండి. పోయిన తర్వాతా????

మౌనిక_ఆర్
అయ్యో.

సబ్‌టైటిల్_శీను
మౌనికా...

పప్పుచారు
2010లో వచ్చిన సిరీస్‌కి స్పాయిలర్ ఏంటండీ. రామాయణంలో రావణుడు చచ్చిపోతాడని చెప్పినట్టుంది.

రాత్రి_రెండింటికి
రావణుడు పోతే ఎవడూ ఏడవడు సార్. ఇది అన్న. నేను ఆయన కోసమే చూస్తున్నా. సరే, అయిపోయింది. ఎలా పోతాడో మాత్రం ఎవరూ చెప్పకండి.

మౌనిక_ఆర్
సారీ అండీ, నిజంగా. తప్పు దిద్దుకోవడానికి ఒక విమర్శ చేస్తా, అందులో స్పాయిలర్ లేదు. ఈ సిరీస్‌లో ఆడవాళ్ళు ఇద్దరే లెక్కలో ఉంటారు. నర్సు సెత్సుకో, ఆరుగురిలో ఒకడైన జో చెల్లెలు మెగు. ఒకరు ఓదార్చడానికి, ఒకరు బాధపడటానికి. ఏడుగురు మగపిల్లల గాయాల గురించి అంత ఓపికగా చెప్పినవాళ్ళు, ఆ కాలంలో ఆడపిల్లల బతుకు ఎలా ఉండేదో పక్కనుంచి చూసి వెళ్ళిపోయారు. ఉఎనో సొరంగంలో పడుకున్నది మగపిల్లలే కాదుగా. వ్యభిచార నిరోధక చట్టం అక్కడ 1956లో వచ్చి, 1958కి గానీ పూర్తిగా అమల్లోకి రాలేదు. ఆ కథ ఎవరు చెప్తారు?

పాత_లైబ్రరీ
ఒప్పుకుంటా. మూల రచయితకి తెలిసింది మగవాళ్ళ జైలు. తెలియనిచోట పాత్రలు పలచబడ్డాయి.

కడప_కుర్రోడు
పలచబడటం కాదు, ఆడ పాత్ర కనబడగానే వెనక వయొలిన్ మొదలు. అది కూడా చెప్పండి.

హాస్టల్_బ్యాచ్_98
ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాడిని. ఈ రోజు రాస్తున్నా.

నేను ఆరు నుంచి పది దాకా హాస్టల్‌లో చదివా. ఏ హాస్టలో చెప్పను, ఆ వార్డెన్ ఇంకా బతికే ఉండొచ్చు. రెయిన్‌బోలో నన్ను పట్టుకున్నది కొట్టుడు కాదు. అది రోజూ చూసిందే. గదిలో ఏడుగురు పడుకునే తీరు. ఎవడి చాప ఎక్కడో ముందే తేలిపోయి ఉంటుంది. తలుపు దగ్గర చలి, కిటికీ దగ్గర దోమలు, మధ్యలో పెద్దవాళ్ళు. కొత్తగా వచ్చినవాడికి ఎప్పుడూ తలుపే.

మాకు పళ్ళాలు కలిసిపోకుండా మేకుతో వెనకాల నంబర్ చెక్కుకునేవాళ్ళం. నాది 43. నాలుగు బాగానే వచ్చింది, మూడు తిరగబడి చెక్కేశా. ఆ పళ్ళెం ఇప్పటికీ మా అమ్మ దగ్గరుంది, దాంట్లో వడియాలు ఎండబెడుతుంది. నా పేరు మర్చిపోయినవాళ్ళు కూడా "నలభై మూడు" అంటే తిరిగి చూస్తాను.

ఆదివారం గుడ్డు పెట్టేవాళ్ళు. తలకి ఒకటి. ఏడో తరగతిలో ఒక ఆదివారం వంటగదిలోంచి నేను రెండోది తీశా. ఆకలి అని కాదు. ఉందని. లెక్క తేలలేదు. వార్డెన్ అందర్నీ ఎండలో నిలబెట్టి ఎవడో చెప్పేదాకా ఎవరికీ తిండి లేదన్నాడు. గుడ్డు అప్పటికే నా నిక్కరు జేబులో చితికిపోయి, తొడ మీద వెచ్చగా అంటుకుని ఉంది. నోరు పెగల్లేదు. పదో తరగతి అన్న ఒకడు ముందుకొచ్చి "నేనే సార్" అన్నాడు. నాకేమీ చుట్టం కాదు, మా ఊరివాడు కూడా కాదు. వేపబెత్తం విరిగేదాకా కొట్టారు.

అన్-చాన్ వాళ్ళ కోసం మొదటిసారి దెబ్బలు తిన్న సీన్ దగ్గర ల్యాప్‌టాప్ మూసేసి బాల్కనీలోకి వెళ్ళిపోయా. మా ఆవిడ ఏమైందని అడిగితే కంట్లో నలుసు అన్నా.

పప్పుచారు
నేను ఇప్పటిదాకా వేసిన జోకులన్నీ వెనక్కి.

కడప_కుర్రోడు
అన్నా, బాధపెట్టాలని కాదు, కానీ హాస్టల్‌ని, జైలుని ఒక గాట కట్టొచ్చా? హాస్టల్‌లో మా బ్యాచ్ కూడా ఉన్నారు, బాగా చదువుకుని బయటపడ్డారు. హాస్టల్ లేకపోతే చదువే లేదు మాకు.

హాస్టల్_బ్యాచ్_98
నాకూ లేదు తమ్ముడూ. హాస్టల్ వల్లే ఈ రోజు ఇక్కడ టైప్ చేస్తున్నా. రెండూ ఒకటని నేననలేదు. దసరాకి అమ్మ వచ్చేది, సకినాల మూట తెచ్చేది. ఆ ఆరుగురికి వచ్చేవాళ్ళు లేరు. తేడా అదే, అది చిన్న తేడా కాదు.

లాయర్_గారు
మీరు చెప్పింది నేను పన్నెండేళ్ళ ప్రాక్టీసులో చూసిందే. ఏ పిల్లాడికైతే వాయిదాకి ఎవరో ఒకరు వస్తారో, కనీసం టీ కొట్టు ఓనర్ అయినా సరే, వాడితో లోపల మాట్లాడే పద్ధతే వేరుగా ఉంటుంది.

టోక్యో_తెలుగోడు
బాక్సింగ్ ఎందుకు పెట్టారో ఎవరూ మాట్లాడలేదు. రోకురోతా బాక్సర్, తర్వాత ఆరుగురిలో ఒకడైన మారియో. మామూలు స్పోర్ట్స్ సిరీస్ మసాలా అనుకోకండి. 1952 మే 19న షిరాయ్ యోషియో ఫ్లైవెయిట్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. జపాన్ నుంచి మొట్టమొదటివాడు. అమెరికా ఆక్రమణ ముగిసి అప్పటికి నెల కూడా కాలేదు, ఏప్రిల్ 28న ముగిసింది. పైగా షిరాయ్‌ని తయారుచేసింది ఆక్రమణ సేనల ఆఫీసులో పనిచేసిన అమెరికన్, ఆల్విన్ కాన్ అని ఒక జీవశాస్త్రవేత్త. ఓడిపోయిన దేశంలో చేతిలో ఏమీ లేని కుర్రాడికి పిడికిలి ఒక్కటే పెట్టుబడి అన్న ఆశ అప్పుడు ఊరూరా ఉండేది.

నైట్‌షిఫ్ట్_రాజు
జీవశాస్త్రం సార్ బాక్సింగ్ నేర్పాడా? మా జువాలజీ సార్ కప్పని కొయ్యడం కూడా నేర్పలేదు.

సబ్‌టైటిల్_శీను
తెలుగు డబ్బింగ్ ఉందా అని మెసేజ్‌లు పెడుతున్నారు. నాకు తెలిసి లేదు. జపనీస్‌లోనే చూడండి, ఆ తిట్లు ఆ గొంతులోనే వినాలి. పిల్లల పక్కన కూర్చుని మాత్రం చూడకండి. లైంగిక హింస ఉంది, మధ్యలో చెప్పకుండా వస్తుంది. బొమ్మలే కదా అని మా అన్నయ్య తొమ్మిదేళ్ళ కొడుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, పది నిమిషాల్లో టీవీ కేబుల్ పీకేశాడు.

గోదారి_గట్టు
ఒక మాట. ఇలాంటి చీకటి కథలు చూసి "అబ్బా ఎంత లోతు" అనుకోవడం ఈ మధ్య ఫ్యాషన్ అయిపోయింది. దెబ్బ మీద దెబ్బ పడుతుంటే ఒక దశలో మనసు మొద్దుబారుతుంది. నేను పదిహేనో ఎపిసోడ్‌కి వచ్చేసరికి "ఇప్పుడు ఏ దరిద్రం వస్తుందో" అని పందెం కాసుకుంటూ చూశా. అది తీసినవాళ్ళ తప్పు కాదా?

పాత_లైబ్రరీ
కొంత వాళ్ళ తప్పే. మాంగా వారం వారం వచ్చేది, ప్రతి వారం ఒక దెబ్బ కావాలి. దాన్నే 26 ఎపిసోడ్లకి కుదిస్తే ఊపిరి తీసుకునే చోటు ఉండదు. మాంగాలో కకిజాకి నల్ల సిరా మధ్య ఖాళీ పేజీలు వదులుతాడు, అక్కడ ఆగొచ్చు. సిరీస్ అయితే మాంగా సగంలోనే ముగుస్తుంది. తర్వాత వాళ్ళ జీవితాలు చాలా దూరం వెళ్తాయి. ఓపిక ఉంటే అవి చదవండి.

గోదారి_గట్టు
చూద్దాం. ముందు నేను ఏదైనా వంటల సిరీస్ చూసి తేరుకోవాలి.

రాత్రి_రెండింటికి
మూడు వారాల తర్వాత వచ్చా. 26 అయిపోయాయి. అన్-చాన్ పోతాడని తెలిసి కూడా ఆ రోజు ఆఫీసుకి సిక్ లీవ్ పెట్టా. మేనేజర్ "ఏం జబ్బు" అంటే జ్వరం అన్నా. మౌనిక గారూ, మిమ్మల్ని క్షమించేశా. ముందే తెలియడం వల్ల అతను నవ్విన ప్రతి సీన్ రెండుసార్లు చూశా.

కడప బ్రో, మీరన్నట్టు డాక్టర్ ముఖం కార్టూనే. కానీ నాకు భయం వేసింది డాక్టర్‌ని చూసి కాదు. అరుపులు వినబడుతుంటే కారిడార్‌లో నడుచుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారే, పేరు కూడా ఉండదు వాళ్ళకి. వాళ్ళ ముఖాలు మామూలుగా గీశారు.

@హాస్టల్_బ్యాచ్_98 మిమ్మల్ని ఒకటి అడగాలని రోజూ అనుకుంటున్నా. ఆ పదో తరగతి అన్న ఇప్పుడు ఎక్కడ?

కడప_కుర్రోడు
ఆ మామూలు ముఖాల సంగతి నేను గమనించలేదు. తొమ్మిది దగ్గర వదిలేశా కదా. పదో ఎపిసోడ్ పెట్టుకుంటున్నా.

హాస్టల్_బ్యాచ్_98
మీరు అడిగాక వెతికా. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకడి ద్వారా నంబర్ దొరికింది. హైవే మీద టైర్ల షాపు నడుపుతున్నాడు. నిన్న సాయంత్రం ఫోన్ చేశా. వెనకాల గాలి కొట్టే మెషిన్ చప్పుడు. ముందు గుర్తుపట్టలేదు, "నలభై మూడు అన్నా" అనగానే "ఒరేయ్" అన్నాడు. పది నిమిషాలు అవీ ఇవీ మాట్లాడి, చివరికి ధైర్యం చేసి ఆ గుడ్డు నేనే తీశానన్నా అని చెప్పా. పాతికేళ్ళు దాటింది కదా, గొంతు వణికింది.

"ఏ గుడ్డు రా?" అన్నాడు.